నేల, నీరు, మంత్రిగారు

దేశంలోని నేలను, నీటిని కాపాడే బాధ్యతను ప్రభుత్వం ఇకమీదట ఏడో తరగతి పిల్లలకు అప్పగిస్తున్నట్టు విద్యాశాఖ మంత్రిగారు ప్రకటించారు. ఇంతకాలం ఆ బాధ్యత ఎవరిదన్న విషయంలో ఐదు శాఖల మధ్య ఫైళ్లు తిరుగుతూ ఉండేవి. మంత్రిగారు ఒక్క సంతకంతో ఆ తిరుగుడు ఆపించారు. ఆరో తరగతివాళ్లు మరీ చిన్నవాళ్లు, ఎనిమిదో తరగతివాళ్లు ఎదురు ప్రశ్నలు వేస్తారు, కాబట్టి ఏడో తరగతే తగినదని నిపుణుల కమిటీ తేల్చిందట.

ఈ పథకం మా ఊళ్లో ఎంత ఘనంగా అమలైందో పత్రికల్లో నాలుగు లైన్లే వేశారు. దగ్గరుండి చూసినవాణ్ణి కనుక మిగతాది పాఠకులకు తెలియజేయడం నా విధి. నేను ఇక్కడి బడిలో ల్యాబ్ అటెండర్ని. బడిలో ల్యాబ్ లేదు. అటెండర్ని మాత్రం పర్మనెంట్ పోస్టులోనే ఉన్నాను.

సర్క్యులర్ రాగానే హెడ్మాస్టరుగారు గట్టిగా చదివి వినిపించారు. ‘మానవ కార్యకలాపాలు నేల, నీటిపై చూపే ప్రభావం’ అనే పాఠాన్ని ప్రయోగం ద్వారా బోధించి పదిహేను రోజుల్లో నివేదిక పంపాలి. చుట్టుపక్కల బళ్లన్నీ చురుకైనవి. ఆ సాయంత్రానికే నివేదికలు పంపేశాయి. మేమూ పంపేవాళ్లమే గానీ మాకు ఒక సైన్సు టీచరమ్మ ఉంది.

"సార్, ఇందులో ప్రయోగం చేయమని ఉంది," అందామె.

"చేశామని రాస్తే చాలమ్మా."

"నిజంగానే చేస్తే ఏమవుతుంది సార్?"

ముప్పై ఏళ్ల సర్వీసులో హెడ్మాస్టరుగారిని ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. కాసేపు ఫ్యాను వైపు చూశారు. "ఏమవుతుందో నాకూ తెలీదు. జాగ్రత్తగా చేయండి," అన్నారు.

మా బడి వెనకే ఏరు ఉంది. ఎగువన కూరగాయల మళ్లు, మధ్యలో ఊరు, ఊరు దాటాక బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ, దాని కిందుగా మా బడి. ఫ్యాక్టరీలో ఏ రంగు కలిపితే ఏరు ఆ రంగులో పారుతుంది. వచ్చే నెల బజారులో ఏ రంగు బట్టలు వస్తాయో మా ఊరివాళ్లకు ముందే తెలుస్తుంది. ఇంత సౌకర్యం పెద్ద పెద్ద నగరాల్లో కూడా లేదు.

టీచరమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని ఏటి గట్టున నడిచింది. మూడు చోట్ల మట్టి తవ్వించింది, మూడు చోట్ల నీళ్లు పట్టించింది. మూడు కుండీల్లో ఐదేసి చిక్కుడు గింజలు వేయించి, ఏ కుండీకి ఆ చోటి నీళ్లే పోయించింది. మొదటిది ఎగువ మళ్ల మట్టి, రెండోది ఊరి మట్టి, మూడోది బడి వెనక మట్టి. పిల్లలు రోజూ స్కేలు పెట్టి కొలిచి నోటుబుక్కుల్లో రాసుకునేవాళ్లు. పాఠం మాత్రం ఆమె చెప్పలేదు. చూడమంది, అంతే.

పదో రోజున అందర్నీ కుండీల చుట్టూ నిలబెట్టి, "ఏం కనిపిస్తోంది?" అని అడిగింది.

"మొదటిది బాగా లేచింది. రెండోది నీరసంగా ఉంది. మూడోది లేవనే లేదు టీచర్," అన్నాడొకడు.

"ఎందుకు?"

పిల్లలంతా ఒక అమ్మాయి వైపు తిరిగారు. అయినదానికీ కానిదానికీ ఎందుకు అని అడుగుతుందని ఆ అమ్మాయికి ఎందుకమ్మ అని పేరు పెట్టారు. ఈసారి ప్రశ్న తనవైపే రావడంతో ఎందుకమ్మ కాస్త తడబడింది. వంగి మూడో కుండీలోంచి చిటికెడు మట్టి తీసి వాసన చూసింది.

"ఇది మా నాన్న చేతుల వాసన వస్తోంది టీచర్," అంది.

ఎవరూ నవ్వలేదు. ఆమె నాన్న రంగుల ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఆయన చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏటి రంగులోనే ఉంటాయి.

మర్నాడు బడి వదిలే వేళకు మేస్త్రీ వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అమ్మా, మా పాప చదువు బాగా సాగుతోందని నాకు సంతోషమే. ఫ్యాక్టరీ మాట మాత్రం దాని నోటి నుంచి రానివ్వకండి. అక్కడ నాలాంటివాళ్లు మూడొందల మందిమి బతుకుతున్నాం."

"ఆ మట్టి మీదే కదా మేస్త్రీగారూ మీ పాప రోజూ ఆడుకునేది."

"తెలుసమ్మా. తెలిసే అడుగుతున్నా."

"సరే, ఫ్యాక్టరీ మాట రాదు. మాటిస్తున్నాను," అంది టీచరమ్మ. ఆయన దండం పెట్టబోయి, చేతులు గుర్తొచ్చినట్టుంది, తల మాత్రం వంచి వెళ్లిపోయాడు.

ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ నివేదికలన్నీ కుప్పపోసి చూస్తే, నిజంగా కుండీలున్న బడి దేశం మొత్తంలో మాదొక్కటేనని తేలింది. మంత్రిగారు ముచ్చటపడ్డారు. పది రోజుల్లో స్వయంగా వచ్చి చూస్తామన్నారు. ఆయన కంటే ముందు విద్యాధికారిగారు వచ్చారు.

ఆయన కుండీల చుట్టూ రెండుసార్లు తిరిగి మూడోదాని ముందు ఆగారు.

"ఇందులో ఏమీ లేదేంటమ్మా?"

"అదే సార్ ప్రయోగం."

"అయితే ప్రయోగం ఫెయిలైందన్నమాట."

"ప్రయోగం పాసైంది సార్. గింజలు ఫెయిలయ్యాయి."

"ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఫెయిల్ చేయకూడదని రూలుంది, తెలుసా?"

"అది పిల్లలకు సార్."

"ఇది ఏ తరగతి కుండీ?"

"ఏడో తరగతిది."

"మరి?"

రూల్సు తెలిసినవారితో వాదన కష్టం.

నర్సరీ నుంచి ఎదిగిన మొక్క తెచ్చి మూడో కుండీలో పెట్టమని ఆయన దారి చూపించారు.

"పిల్లలు రోజూ కొలతలు రాసుకున్నారు సార్. ఒక్క రోజులో మూరెడు మొక్క వచ్చిందంటే వాళ్లు నమ్మరు."

"మంత్రిగారు నమ్మితే చాలు కదమ్మా."

"నేను పెట్టను సార్," అందామె నెమ్మదిగా.

విద్యాధికారిగారు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. ఆయన అనుభవశాలి. గొంతు పెంచకుండా హాజరు పట్టీ తెప్పించుకున్నారు. "ఫెయిల్ చేయకూడదు గానీ ఆబ్సెంట్ వేయొచ్చు," అని చివరన మూడో కుండీ అని రాసి, పది రోజులకూ ఆబ్సెంట్ వేశారు. కుండీని నా గదిలో పెట్టించారు. మంత్రిగారు వెళ్లిన మర్నాడు టీచరమ్మ చేతికి ఇవ్వడానికి ఒక బదిలీ ఉత్తర్వు కూడా తేదీ వేయకుండా టైపు చేయించి జేబులో ఉంచుకున్నారు. ముందుచూపంటే అది.

తర్వాత పాఠం పేరు మీద చర్చ నడిచింది. మానవ కార్యకలాపాలు అంటే మానవుల్ని తప్పుపట్టినట్టుందని, ఓటర్లందరూ మానవులేనని పైఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ‘మానవ’ తీసేశారు. కార్యకలాపాలు అంటే ఎవరివి అని ప్రతిపక్షం అడుగుతుందని ‘కార్యకలాపాలు’ తీసేశారు. ఇక ప్రభావానికి పనేముంది. చివరికి ‘నేల, నీరు’ మిగిలింది. బ్యానరుకు యాభై అడుగుల గుడ్డ అప్పటికే తెప్పించి ఉండటంతో మిగతా నలభై ఆరు అడుగుల్లో మంత్రిగారి బొమ్మ వేశారు.

ఆ వారం ఏరు నల్లగా పారుతోంది. మంత్రిగారి ఎదుట నలుపు బాగుండదని విద్యాధికారిగారు ఫ్యాక్టరీకి వెళ్లి, "ఆ రోజు మాత్రం కాస్త పార్టీ రంగులో పారించగలరా?" అని మర్యాదగానే అడిగారు. ఆ రంగుకు ఈ ఏడు గిరాకీ లేదని, స్టాకు పెట్టలేదని మేనేజరు చెప్పాడు. అయితే మంత్రిగారు వెళ్లేదాకా ఫ్యాక్టరీ మూసేయమన్నారు. మూసేశారు.

మర్నాడు ఉదయం చూస్తే ఏరు లేదు.

వేసవి ముదిరింది కదా. పైనుంచి వచ్చే కాసిని నీళ్లు మళ్లకే చాలవు. ఇన్ని రోజులూ మేము ఏరు అనుకుంటున్నది ఫ్యాక్టరీ వదిలే నీరేనని అప్పటికి గాని మాకెవరికీ తట్టలేదు. విద్యాధికారిగారు గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూశారు.

"నీటి పాఠానికి నీళ్లు లేకపోతే ఎలాగయ్యా?"

"నేల ఒక్కటీ చూపిద్దామా సార్?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"బ్యానరు మీద నీరు అని కూడా ఉంది కదా."

ఫైర్ ఇంజన్లు పిలిపించారు. ఊరి తాగునీటి ట్యాంకు దగ్గర పట్టి, ఏటికి అడ్డుకట్ట వేసి, తొమ్మిది ట్రిప్పులు నింపారు. పుట్టి బుద్ధెరిగాక ఏట్లో అడుగు కనిపించడం నేను అదే మొదటిసారి చూశాను. ఊళ్లో కొళాయిలు ఎండిపోయాయి. జనం బిందెలు తీసుకుని ఏటి దగ్గరికి వచ్చారు. అది వాళ్లు తాగే నీరే గనుక వాళ్ల ఆలోచనలో తప్పేమీ లేదు. కాపలా ఉన్న పోలీసాయన ఒప్పుకోలేదు. "ఇవి తాగే నీళ్లు కావమ్మా, మంత్రిగారు చూసే నీళ్లు," అన్నాడు.

హెలికాప్టరు దిగడానికి చోటు కూడా కావాలి. ఎగువన ఒక పెద్దామె చిక్కుడు, టమాటా పండించే మడి ఉంది. మొదటి కుండీలోని మట్టి అక్కడిదే. లారీలు అక్కడికే వెళ్లాయి.

"ఊళ్లో ఇంత బీడు పడి ఉంటే నా మడే దొరికిందా బాబూ?" అందామె.

"ఊళ్లో మంచి మట్టి ఇదొక్కటేనని పిల్లల ప్రయోగంలోనే తేలింది కదమ్మా. మంత్రిగారిని చెడ్డమట్టి మీద దింపమంటావా?" అన్నారు విద్యాధికారిగారు.

రెండడుగుల మందాన కంకర పోసి, రోలరుతో రెండు రోజులు తొక్కించారు. ఈ సంగతి తెలిసిన రోజు టీచరమ్మ మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. "నేను ఆ ప్రయోగం చేయకపోతే ఆ మడి మిగిలేది కదా," అంది నాతో. నేను డబ్బా తీసుకెళ్లి కడగబోయి, అది నిండుగా ఉందని మళ్లీ తెచ్చి బల్ల మీద పెట్టాను.

గట్టు మీది పదకొండు చెట్లు బ్యానరుకు అడ్డొస్తున్నాయని కొట్టేశారు. ఆ ఖాళీలో మంత్రిగారు స్వహస్తాలతో ఒక మొక్క నాటేలా ఏర్పాటు చేశారు.

మంత్రిగారి ఎదుట మాట్లాడటానికి బెదురులేని పిల్ల కావాలంటే హెడ్మాస్టరుగారు ఎందుకమ్మను చూపించారు. మంత్రిగారి పి.ఎ. నాలుగు వాక్యాల చీటీ పంపాడు. ప్రభుత్వ పథకాల పేర్లు వరుసగా చెప్పాలి, ప్రతి వాక్యానికీ ఆగాలి, ఆగినప్పుడల్లా కార్యకర్తలు చప్పట్లు కొట్టాలి. చీటీ చదువుకుని ఎందుకమ్మ టీచరమ్మ దగ్గరికి వచ్చింది.

"టీచర్, ఇందులో ఉన్నవి నేనెక్కడా చూడలేదు."

టీచరమ్మ చీటీ చదివి తిరిగి ఇచ్చేసింది.

"ఫ్యాక్టరీ గురించి చెప్పకూడదు కదా?"

"చెప్పకూడదమ్మా. మీ నాన్నకు మాటిచ్చాను."

"మరి ఈ పది రోజుల్లో చూసింది చెప్పొచ్చా?"

టీచరమ్మ కిటికీలోంచి కొట్టేసిన చెట్ల వైపు చూసింది. "చూసింది చెబితే తప్పెలా అవుతుంది," అంది.

ఆ రోజు మబ్బు పట్టిందని మంత్రిగారు కారులో వచ్చారు. సభకు ఐదువేల మందిని లారీల్లో తెచ్చారు. తలా ఒక నీళ్ల సీసా ఇచ్చారు. రెండు కుండీలూ వేదిక మీద ముచ్చటగా ఉన్నాయి. రెండో కుండీకి ఆకుపచ్చ కాగితం చుట్టారు. మంత్రిగారు నేల గురించి ముప్పావుగంట, నీరు గురించి ముప్పావుగంట మాట్లాడారు. తర్వాత ఎందుకమ్మను పిలిచి, నెత్తిన చేయి వేసి అడిగారు.

"చెప్పమ్మా, మనుషులు చేసే పనుల వల్ల నేలకు, నీటికి ఏమవుతుంది?"

పాఠంలోంచి మనుషుల్ని తీసేసిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. విద్యాధికారిగారు నుదురు తుడుచుకున్నారు. ఎందుకమ్మ చీటీ మడిచి జేబులో పెట్టుకుంది.

"పది రోజులుగా మా ఊళ్లో చూసింది చెబుతాను సార్. పారే ఏటిని మనుషులు ఆపేశారు."

ఆగింది. చప్పట్లు మోగాయి.

"ఆపిన ఏటిని ఫైర్ ఇంజన్లతో తొమ్మిది ట్రిప్పులు నింపారు. ఊరంతా తాగే నీళ్లు ఇక్కడికి తెచ్చారు."

చప్పట్లు. మంత్రిగారు పి.ఎ. వైపు వంగారు. నేను మైకు వైరు పట్టుకుని వెనకే ఉండటంతో వినిపించింది.

"ఫైర్ ఇంజన్లు మనవేనా?"

"మనవే సార్."

"ఇంత మంచి పని చేసి ప్రచారం చేసుకోరేంటయ్యా?"

"పైన కూరగాయల మడి మీద కంకర పోసి రోలరు తొక్కించారు," అంది ఎందుకమ్మ. "ఇంక అక్కడ గడ్డి కూడా మొలవదు."

"కలుపు బాధ తీరిందన్నమాట," అన్నారు మంత్రిగారు మైకులోనే. చప్పట్లతో పాటు ఈలలు కూడా పడ్డాయి.

"ఒక మొక్క నాటడానికి పదకొండు చెట్లు కొట్టారు. మీటింగయ్యాక ఈ సీసాలన్నీ ఏట్లోకే వస్తాయి. ఇవన్నీ పది రోజుల్లో జరిగాయి సార్. అన్నీ మనుషులు చేసినవే."

ఐదువేల మంది లేచి నిలబడ్డారు. టీచరమ్మ తల వంచుకుని తన చెప్పుల వైపు చూస్తోంది. చివర కంచె పక్కన మేస్త్రీ ఉన్నాడు. ఆయన చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. నాలుగు రోజులుగా ఫ్యాక్టరీ లేక చేతుల రంగు కాస్త వెలిసింది.

మంత్రిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పది రోజుల్లో. విన్నారా? ప్రతిపక్షంవాళ్లు పదేళ్లున్నారు. ఇందులో ఒక్కటైనా చేయగలిగారా? ఈ పాప చెప్పింది దేశంలో ప్రతి పిల్లా చదవాలి. వచ్చే ఏడు పుస్తకంలో వేయించండి. ఒక్క అక్షరం మార్చినా ఊరుకోను," అన్నారు.

విద్యాధికారిగారు వెంటనే జేబులోంచి బదిలీ ఉత్తర్వు తీసి, దాని వెనకవైపే టీచరమ్మకు అభినందన పత్రం టైపు చేయించారు. కాగితం వృథా చేయకూడదన్న పట్టుదల ఆయనకు మొదటినుంచీ ఉంది.

మంత్రిగారి కారు ఊరు దాటగానే అడ్డుకట్ట తెగ్గొట్టారు. మర్నాడు ఫ్యాక్టరీ తెరిచారు. ఏరు మళ్లీ వచ్చింది. ఈసారి ఆకుపచ్చ.

విద్యాసంవత్సరం మొదట్లో కొత్త పుస్తకాల కట్టలు విప్పింది నేనే. ఏడో తరగతి సైన్సులో నేల, నీరు పాఠం లేదు. సోషల్లో ‘ప్రగతి పథం’ అని కొత్త పాఠం ఉంది. ఎందుకమ్మ మాటలు అక్షరం పొల్లుపోకుండా వేశారు. ఫైర్ ఇంజన్ల బొమ్మ రంగుల్లో ఉంది. కమిటీలో ఒకరిద్దరికి చదువుతుంటే ఏదో అనుమానం వచ్చిందట. మంత్రిగారి ఆదేశం ఫైల్లో ఉండటంతో అనుమానం కూడా ఫైల్లోనే పెట్టి కట్టేశారట. ఇప్పుడు ఆ పాఠం ముప్పై లక్షల మంది పిల్లలు చదువుతున్నారు. ఒక బడి వరండాలో పుట్టిన పాఠానికి ఇంత గౌరవం దక్కడం నా సర్వీసులో చూడలేదు.

మొన్న శుక్రవారం ఎందుకమ్మ పేరున బడికి ఒక ఉత్తరం వచ్చింది. ఎక్కడో దూరపు ఊరి ముద్ర ఉంది. కవరు చింపి ఇచ్చింది నేనే. ఎనిమిదో తరగతి గుమ్మంలో నిలబడి ఎందుకమ్మ చదివింది. చదివి టీచరమ్మకు ఇచ్చింది. టీచరమ్మ చదివి కుర్చీలో కూర్చుంది. పథకం ఎంత దూరం చేరిందో పాఠకులు గ్రహిస్తారని ఉత్తరం ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"అక్కా, మేము ఏడో తరగతి పిల్లలం. నువ్వు చెప్పిన పాఠం మా సార్ రెండు రోజులు చెప్పారు. అందరికీ బాగా అర్థమైంది. వచ్చే నెల మంత్రిగారు మా బడికి వస్తున్నారని నిన్న చెప్పారు. మా ఏట్లో ఇంకా చేపలున్నాయి. వాటిని ఎక్కడికి తీసుకెళ్లమంటావు?"